సున్నం మర

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వచ్చే బస్సులో మీరెప్పుడైనా కూర్చుంటే, ఊరి మొగదల కండక్టరు ఒక కేక పెడతాడు. "సున్నం మర! సున్నం మర కాడ దిగేటోళ్లు ముందుకు రాండప్పా!" ఆ మర మాది. మా ఆయన పెట్టిన పిండి మర. అందులో జొన్నలు ఆడించాం, రాగులు ఆడించాం, శనగలు, గోధుమలు ఆడించాం. సున్నం మాత్రం దేవుడి తోడు, ఏనాడూ ఆడించలేదు.

ఆ పేరు పెట్టినవాడు ఒకడున్నాడు. వాడి నోటితోనే దాన్ని కక్కించాలని నేను పట్టిన పంతం గురించే ఈ నాలుగు మాటలు. మా వైపు పగ అనగానే అందరికీ జీపులు, వేటకొడవళ్లు, నాటు బాంబులు గుర్తొస్తాయి. పగ మగవాళ్ల సొత్తని వాళ్ల నమ్మకం. నాకు జీపు లేదు. ఒక ఉలి, ఒక సుత్తి, గట్టి పళ్లు ఉన్నాయి. అవి సరిపోయాయి.

పళ్లెందుకంటారా? మా నేలలో గోధుమ పండదు. జొన్న, కొర్ర, శనగ మా పంటలు. గోధుమ ఎక్కడో ఉత్తరాదిన పండి రైలు వ్యాగన్లలో, లారీలలో మా దాకా వస్తుంది. ఒక లారీలో వచ్చిన గింజ ఇంకో లారీలో రాదు. ఒకసారి గాజులాంటి గట్టి గింజ, ఒకసారి వేలితో నొక్కితే నలిగే మెత్త గింజ, ఒకసారి రెండూ కలిసిన కిచిడీ. మర ఆడించేవాడికి అవన్నీ గోధుమలే. అన్నిటినీ ఒకే తీరుగా తొట్టిలో పోస్తాడు. తర్వాత రొట్టె గట్టిపడిందనీ, పరోటా చిరిగిందనీ జనం వచ్చి మీద పడితే నెత్తి గోక్కుంటాడు. అలా నెత్తి గోక్కునేవాళ్ల దగ్గరికి వెళ్లి, ఏ గింజను ఎలా ఆడించాలో చెప్పి రావడమే నా పని. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, ఈ మూడు ఊళ్ల మధ్య బస్సుల్లోనే నా సగం బతుకు గడిచింది.

గింజను పంటి కింద పెట్టి కొరికితే టప్పుమని పగలాలి, లోపల నిగనిగలాడాలి. అది గట్టి గింజ. దానికి ముందురోజే నీళ్లు చిలకరించి, గోనెపట్టలు కప్పి, నెమ్మదిగా తాగనివ్వాలి. లేకపోతే పొట్టు పొడిపొడిగా నలిగి పిండిలో కలిసిపోతుంది, రొట్టె నల్లబడుతుంది. మెత్త గింజకు నీళ్లు తక్కువ చాలు. అది పంటి కింద చప్పుడు లేకుండా నలుగుతుంది, లోపల తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు దేనిలా ఉంటుందో తక్కినవాళ్లు ఒక్క మాటలో చెప్పేస్తారు. నేను ఆ మాట వాడను.

ఇక అసలు పరీక్ష నమలడం. గుప్పెడు గోధుమలు నోట్లో వేసుకుని, మింగకుండా, ఓపికగా నమలాలి. పిండంతా ఉమ్ములో కరిగిపోయి చివరికి బంక మిగులుతుంది. దాన్ని అరచేతిలోకి ఉమ్మి రెండు వేళ్లతో లాగి చూడాలి. చక్కగా సాగితే పరోటాలకు, ఓళిగలకు. సాగి మళ్లీ వెనక్కి గుంజుకుంటే బేకరీ వాళ్ల బన్నులకు. పుటుక్కుమని తెగితే బిస్కెట్లకు. ఇది మా అమ్మ నేర్పిన విద్య. మాది మిషను కాలంలో కలిసిన కిరస్తానీ కుటుంబం. మా అమ్మ మిషను బంగళాలో దొరసానులకు రొట్టె కాల్చిపెట్టేది. గోధుమలు నమలనిదే పిండి ముట్టేది కాదు.

పిండి మరల పనిలో ఇంకో మాట ఉంది, కక్కు. పిండి రాళ్లు అరిగి నున్నబడితే గింజ నలగదు, జారిపోతుంది. అప్పుడు రాయిని తిరగేసి, ఉలితో సన్నగా గంట్లు కొట్టి మళ్లీ గరుకు చేస్తారు. దాన్నే కక్కు కొట్టడం అంటారు. మా ఆయన కక్కు కొడితే రాయి మీద గంట్లు దువ్వెన పళ్లలా ఉండేవి. మా మరలో పట్టించిన పిండితో రొట్టె చేస్తే పక్కింటి వాళ్లు వాసన చూసి వచ్చేవాళ్లు. గొప్పకు చెప్పడం లేదు. ఉన్నమాట.

ఆ రోజుల్లో మా దగ్గర టీ అంగడికి పార్టీ ఉండేది. మంగలి షాపుకు పార్టీ ఉండేది. చివరికి బోరింగు పంపుకు కూడా పార్టీ ఉండేది, ఈ వీధి బోరింగులో ఆ పార్టీ వాళ్లు బిందె పెడితే తలలు పగిలేవి. మా ఆయన ఒక్కడే, "మరకు పార్టీ లేదప్పా. తొట్టిలో పోస్తే ఎవురి గింజైనా నలుగుతాది" అనేవాడు. పిచ్చి మహరాజు. ఏ పార్టీలోనూ లేనివాడు రెండు పార్టీలకూ అనుమానమేనని ఆయనకు తెలియలేదు.

ఒక పార్టీ పెద్దను మీసాలాయన అంటాను. పేరు చెప్పను. చెప్పినా చెప్పకపోయినా ఒకటే, ఆ మీసాలు మా వైపు చాలామందికి ఉన్నాయి. వాళ్ల పార్టీ ఎన్నికల్లో గెలిచింది. పై నుంచి ఒక పెద్ద నాయకుడు విందుకు వస్తున్నాడని ఊరంతా హడావిడి. కోడికూర, ఓళిగలు. మా వైపు ఓళిగ లేకుండా విందు లేదు. పూర్ణం లోపల పెట్టి, నూనె చేత్తో పల్చగా తట్టి, పెనం మీద కాల్చే ఓళిగ. దానికి పిండి సాగాలి. సాగకపోతే పూర్ణం బయటికొస్తుంది, పరువూ బయటికొస్తుంది.

గోధుమలు మీసాలాయనే దగ్గరుండి తెచ్చాడు. గోతాల మీద రేషను ముద్ర ఇంకా చెరగలేదు. ఎవరి నోటి కాడ గింజలో, ఎన్నాళ్లు వాళ్ల గొడ్ల పాకలో పడి ఉన్నాయో, వానకు తడిసి ముక్కిపోయిన వాసన కొట్టాయి. మా ఆయన గోతంలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి వెలుతురులో చూశాడు. గింజ గింజకూ కొనలో తెల్లటి ముక్కు బయటికొచ్చింది.

"మామా, ఇవి తడిసి మొలక చూపినాయి. ఓళిగలకు పనికిరావు, పిండి సాగదు. వేరే గోధుమలు తెప్పీయండి" అన్నాడు.

"ఆడమంటే ఆడు. మాకు వంట నేర్పొద్దు."

"ఆడతా మామా. ఓళిగ చిరిగితే మాత్రం నన్ను అనొద్దు."

"నువ్వు ఆడితే యాడ చిరుగుతాదిలేరా" అని మీసాలాయన నవ్వాడు.

నేను అక్కడే పిండి ఊడుస్తున్నాను. అలవాటు కొద్దీ నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. తియ్యగా కరిగిపోయాయి. ఎంత నమిలినా బంక రాలేదు. మొలకెత్తిన గోధుమ అంతే. గింజ తన బలమంతా మొలకకు పెట్టేసుకుంటుంది, మనకేమీ మిగల్చదు.

విందులో ఏం జరిగిందో వడ్డించిన వాళ్లు తర్వాత చెప్పారు. ఓళిగ తట్టితే చేతికి అంటుకుంది, పెనం మీద వేస్తే పెనానికి అంటుకుంది. గోకి తీసి, ముక్కలూ పూర్ణమూ కలిపి విస్తట్లో పెట్టారు. పై నుంచి వచ్చిన నాయకుడు దాన్ని చూసి, "ఏందప్పా, మీ ఊర్లో ఓళిగలు గరిటెతో తినల్లనా?" అన్నాడట. పంక్తి మొత్తం పకపకా నవ్వింది. అవతలి పార్టీ వాళ్లకు కబురు చేరే లోపల అది పాటయిపోయింది.

మరుసటి పొద్దున మీసాలాయన మనుషుల్ని వెంటేసుకుని మర దగ్గరికి వచ్చాడు. అరుగు మీద ఆడవాళ్లు డబ్బాలు పెట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు.

"పిండిలో ఏం కలిపినావురా?"

"ఏం కలపలేదు మామా. మొలకెత్తిన గోధుమలని నేను ముందే చెప్పినా గదా."

చెంప మీద కొట్టాడు. మా ఆయన గోడకు పడ్డాడు. "సున్నం కలిపినావు. ఆ పార్టీ వాళ్లు చెప్తే మా విందులో సున్నం కలిపినావు!" అని మీసాలాయన అరిచాడు. మా చుట్టుపక్కల ఎటు చూసినా సున్నపురాయి గనులే, ఆ మాట నోటికి తేలిగ్గా దొరికింది. అతను మొలక మాట ఒప్పుకుంటే, ఆ గోధుమలు ఎక్కడివని అడుగుతారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోకుండా ఉండాలంటే ఇంకొకరి భుజం చూపించాలి. మా ఆయన భుజం దొరికింది.

డబ్బాలోని పిండి తీసి మా ఆయన నెత్తిన కుమ్మరించారు. పైరాయిని దించి సమ్మెటతో కొట్టి ముక్కలు చేశారు. వరసలో కూర్చున్న వాళ్లంతా మా పిండి తిని బతికిన వాళ్లే. ఒక్కరు నోరు విప్పలేదు. ఒకామె తన డబ్బా తీసుకుని, మూత పెట్టి, మెల్లగా వెళ్లిపోయింది. ఆ మూత చప్పుడు కూడా నేను మర్చిపోలేదు.

మా ఆయన కొన్నాళ్లు ఎవరు కనబడినా "నేను ముందే చెప్పినా గదా" అనేవాడు. వాళ్లు తల ఊపి పక్కకు తిరిగేవాళ్లు. తర్వాత అనడం మానేశాడు. మర గడప తొక్కడం మానేశాడు. పెరట్లో మేకల్ని పెట్టుకుని వాటితోనే ఉన్నాడు. వీధిలో పిల్లలు "సున్నపాయన వచ్చినాడు" అంటే దారి మార్చుకుని నడిచేవాడు. దువ్వెన పళ్లలా కక్కు కొట్టిన చేతులు ఉలి ముట్టుకోలేదు. దెబ్బ మానుతుంది, రాయి మళ్లీ కొనుక్కోవచ్చు. ఒక నిజాయితీ గల మనిషిని ఊరు పేరు మార్చి పిలిస్తే దానికి మందేది?

విరిగిన పైరాయి ముక్క మీద చెయ్యి పెట్టి ఆ రోజే అనుకున్నాను. ఆ సున్నం మాట ఏ నోట్లోంచి వచ్చిందో ఆ నోట్లోంచే కక్కిస్తా. ఇదే అరుగు మీద. ఇట్లే ఆడవాళ్లు వరసగా కూర్చున్నప్పుడు.

మా చర్చి అయ్యగారు ప్రార్థన చేసి, "పగ దేవునికి వదిలెయ్యమ్మా" అన్నాడు. "దేవునికి శానా పనులుండాయి అయ్యగారూ. ఇది నేను చూసుకుంటా" అన్నాను. ఆయన తర్వాత ఎన్నో ఏళ్లు ప్రసంగంలో క్షమాపణ గురించి చెప్పినప్పుడల్లా నా వైపే చూసేవాడు. నేనూ ఆయన వైపే చూసేదాన్ని.

ఉలి నేను పట్టాను. మొదట మా కింది రాయి మీదే కొట్టి నేర్చుకున్నాను. వేళ్లు చితికాయి. తర్వాత సంచీలో ఉలి, సుత్తి వేసుకుని బస్సెక్కాను. మొదటి పని పులివెందులలో దొరికింది. చీనీ, అంటే బత్తాయి, తోటల మధ్య ఒక మర. దాని యజమానికి పిండి వేడెక్కి చెయ్యి కాలుతోంది, రొట్టెలు నల్లగా వస్తున్నాయి, గిరాకీ పోతోంది.

"ఆడమనిషి కక్కు కొట్టేదేందమ్మా?" అని ఆయన నోరు తెరిచాడు.

"రాయికి తెలుసునా అన్నా, కొట్టేది ఆడదో మగోడో?"

గోధుమలు నమిలి చూశాను. ఆ దఫా వచ్చింది మహా గట్టి గింజ. ఆయన ఎప్పటిలాగే ఎండుగా పోసి, నలగడం లేదని రాళ్లు బిగించాడు. అందుకే పిండి మాడుతోంది. కక్కు కొట్టాను, రాళ్ల సందు వదులు చేశాను, మొదటి రోజు గోధుమలకు నీళ్లు చిలకరించి గోనెలు కప్పించాను. రెండో రోజు పిండి చల్లగా, తెల్లగా జారింది. ఆయన భార్య అక్కడే రొట్టె కాల్చి, పొంగింది చూసి, "ఏమి చెయ్యే తల్లీ నీది!" అంది. "చెయ్యి కాదక్కా, పళ్లు" అన్నాను. అలా మాట పాకింది. ప్రొద్దుటూరులో గల్ఫు నుంచి తిరిగొచ్చి బేకరీ పెట్టిన భాయి ఒకాయన, కొత్త మూట వచ్చినప్పుడల్లా నాకు కబురు పెట్టేవాడు.

మా మరకు కొత్త రాళ్లు వేయించి నేనే తెరిచాను. ఆ దిక్కున ఇంకో మర లేదు గనుక జనం వచ్చారు. వస్తూ వస్తూ ఆ పేరు కూడా తెచ్చారు. "సున్నం మరలో పట్టిచ్చినా, బాగుంది పిండి" అనేవాళ్లు, నా ముందే, ఏ చెడ్డ తలంపూ లేకుండా. తర్వాత అక్కడ బస్సులు ఆగడం మొదలైంది. స్టాపుకు పేరు కావాలి గదా. కండక్టర్లు వెతుక్కోలేదు, పేరు సిద్ధంగా ఉంది. కేక వినబడినప్పుడల్లా పెరట్లో మా ఆయన మేకల వైపు తిరిగి కూర్చునేవాడు.

కాలం మారింది. కొట్టుకున్న రెండు పార్టీల పెద్దలూ ఒకే పార్టీలో చేరి, ఒకే వేదిక మీద ఒకరికొకరు దండలు వేసుకున్నారు. వాళ్ల కోసం చచ్చినవాళ్లు చచ్చి ఊరుకున్నారు. మీసాలాయన పంచె మడత నలగకుండా వ్యాపారంలోకి దిగి, ప్రొద్దుటూరు బయట పెద్ద మైదా మిల్లు పెట్టాడు. ఆ కబురు విన్న రోజు నేను గోధుమలు నమలకుండానే నోరు తియ్యబడింది. గోధుమ ఎవరి మాటా వినదు. దానికి మీసం చూపిస్తే భయపడదు, జీపు పంపితే మారదు.

అనుకున్నట్టే అయింది. లారీ లారీకి గింజ మారుతోంది, ఆయన యంత్రాలు మాత్రం ఒకటే తీరుగా తిరుగుతున్నాయి. ఒక వారం మైదా రబ్బరు, ఒక వారం జావ. పరోటా మాస్టర్లు పిండి విసిరికొట్టి తిట్టారు. మూటలు వెనక్కి వచ్చాయి. మాస్టర్లను మార్చాడు, జల్లెడలు మార్చాడు. చివరికి బేకరీ భాయి మొహం మీదే అన్నాడట: "క్యా సాబ్, మీ మైదాతో బన్ను పెడితే చపాతీ అయితాంది. జమ్మలమడుగులో ఒకామె ఉండాది, నమిలి చెప్తాది. ఆమెను పిలిపిచ్చుకోండి."

నా కోసం జీపు వచ్చింది. డ్రైవరు దిగి, "అమ్మా, పెద్దాయన తీసుకొని రమ్మన్నాడు" అన్నాడు.

"జీపును పంపినాడు గద, జీపుకే చెప్పి పంపిస్తా విను. పెద్దాయన్నే రమ్మను. జీపులో వద్దు, బస్సులో రమ్మను. గోధుమలు సంచీలో పోసి ఒళ్లో పెట్టుకొని రమ్మను."

డ్రైవరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్లాడు. మీసాలాయన రాలేదు. ఇంకో లారీ వచ్చింది, ఇంకోసారి మూటలు వెనక్కి వచ్చాయి. మింగలేక కక్కలేక అలా కొన్నాళ్లు ఉన్నాడు. చివరికి సంత రోజున, అరుగు నిండా ఆడవాళ్లు డబ్బాలతో కూర్చుని ఉండగా, బస్సు ఆగి ఆయన దిగాడు. చేతిలో గుడ్డ సంచి. ఊరి బయటి దాకా జీపులోనే వచ్చి, ఒక్క స్టేజీ మాత్రం బస్సెక్కాడని తర్వాత తెలిసింది. పోనీలే, దిగాడు గదా, అది చాలు.

మీసాలు అలాగే ఉన్నాయి, నెరిశాయి. నన్ను చూసి, "బాగుండావామ్మా?" అన్నాడు. రాయి పగలగొట్టిన రోజు నన్ను "ఏమే, అడ్డం లేయ్" అన్న నోరది.

"కూర్చోండి" అన్నాను. అరుగు మీద, ఆడవాళ్ల మధ్యలో, చోటు చూపించాను. సంచీ విప్పి చూశాను. నా అదృష్టం చెప్పనలవి కాదు. గింజ గింజకూ తెల్లటి ముక్కు. ఎక్కడో వానకు తడిసిన సరుకు అగ్గువకు దొరికిందని తెప్పించాడు. పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

గుప్పెడు తీసి ఆయన చేతిలో పోశాను. "నమలండి. మింగొద్దు."

"నేనెందుకమ్మా? నువ్వు చూసి చెప్పు."

"గోధుమలు మీవి. నోరు మీది. నమలండి."

ఆడవాళ్లు మాటలు ఆపేశారు. మర బెల్టు కూడా ఆపించాను. నిశ్శబ్దంలో ఆయన నమలడం మాత్రం వినబడింది. మీసాలు పైకీ కిందికీ ఆడుతుంటే ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంతకీ ఆపనివ్వలేదు. దవడలు లాగినట్టున్నాయి, చెమటలు పట్టాయి.

"ఇప్పుడు చేతిలోకి ఉమ్మండి."

ఉమ్మాడు. తెల్లటి జావ.

"బంక వచ్చిందా?"

"రాలేదు."

"ఎట్లుండాది రుచి?"

"తియ్యగా ఉంది."

"ఎందుకు?"

"ఏమో."

"నాకు తెలుసు. మీకూ తెలుసు. చెప్తే మిల్లు బాగుపడతాది, చెప్పకపోతే బస్సు వచ్చే వేళయింది."

ఆయన అరచేతిలోని జావను వేలితో లాగి చూశాడు. ఆ తర్వాత, "మొలకెత్తినాయి" అన్నాడు.

"మొలకెత్తిన పిండితో ఓళిగలు చేస్తే?"

"చిరుగుతాయి."

"మీ విందు పొద్దు నా మొగుడు ఆడిన పిండిలో ఏముండె?"

ముసలామె నోటి మీది కొంగు తీసేసింది. ఆ రోజు డబ్బా మూత పెట్టుకుని వెళ్లిపోయినామె కూడా ఆ వరసలోనే ఉంది. నేను ఆమె వైపు చూడలేదు, చూడకుండానే చూశాను.

"అవి గూడా... మొలకెత్తినవే."

"సున్నం?"

"సున్నం లేదు."

"గట్టిగా. మా ఆయనకు చెవుడు."

మా ఆయనకు చెవుడు లేదు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. మీసాలాయన గొంతు సవరించుకుని, "సున్నం లేదు! నేనే అన్న మాట అది!" అని అరిచాడు. ఒళ్లంతా చల్లబడింది నాకు. ఎన్నేళ్ల మంట! తిన్నది కక్కించడమంటే ఇదే, అక్షరాలా, అరచేతిలోకి.

వెనక్కి తిరిగి చూస్తే పెరటి తలుపులో మా ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో తుమ్మకొమ్మ. ఏడుస్తాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన మీసాలాయనను చూసి, "ఈ మాట నేను ఆ పొద్దే చెప్పినా గద మామా" అన్నాడు. అని మేకల దగ్గరికి వెళ్లిపోయాడు.

మాట ఇచ్చాను గనుక మిల్లు బాగుచేశాను. మొలక గింజ దాణాకు పంపించాను. లారీ లారీనీ వేరువేరు కుప్పలు పోయించి, గట్టి గింజలో మెత్త గింజ ఎంత కలపాలో, ఏ కుప్పకు ఎంతసేపు తడి పెట్టాలో దగ్గరుండి చేయించాను. భాయి బన్నులు పొంగాయి. కానీ నా పని నేను పూర్తిగా నేర్పలేదు. పులివెందుల అన్నకు నేర్పాను, భాయికి నేర్పాను, అడిగిన ప్రతివాడికీ బంక లాగి చూపించాను. మీసాలాయనకు మాత్రం, "ఈ లారీకి ఇట్ల చెయ్యండి. లారీ మారితే మళ్లీ రాండి" అన్నాను. లారీ మారకుండా ఎక్కడుంటుంది? మారిన ప్రతిసారీ ఆయన సంచీ ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. అరుగు మీద కూర్చుని నమిలాడు. చేతిలోకి ఉమ్మాడు. నేను లాగి చూసి చెప్పాను. అయ్యగారు ఒకసారి అటుగా వెళుతూ చూసి, "ఇంక చాలమ్మా" అన్నాడు. "గోధుమలదే ఆలస్యం అయ్యగారూ, అవి మారడం మానుకుంటే నేనూ మానుకుంటా" అన్నాను.

పగ తీరిందనే అనుకున్నాను, మా ఆయన పోయేదాకా. నిద్రలోనే పోయాడు, ఎవరికీ బరువు కాకుండా. మా ఊళ్లో ఎవరైనా పోతే ఆటోకు మైకు కట్టి వీధి వీధికీ చెబుతారు. నేను శవం దగ్గర కూర్చుని ఉన్నాను. ఆటో వీధి మలుపు తిరిగింది, మైకులో గొంతు వినబడింది. "సున్నం మర ఆయన ప్రభువు నందు నిద్రించినాడని తెలియజేయుటకు చింతిస్తున్నాము." ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే బాధగా చెప్పాడు ఆ అబ్బాయి. ఆయన అసలు పేరు చెబితే ఎవరికీ తెలియదని అలా చెప్పాడు.

సమాధుల తోటకు మీసాలాయన కూడా వచ్చి, దూరంగా నిలబడి, ఒక పిడికెడు మట్టి వేసి వెళ్లాడు.

తర్వాతి లారీకి ఆయన సంచీతో వచ్చాడు. నోరు తెరిచి చూపించాడు. పళ్లు లేవు. ఉన్న నాలుగూ తీసేశారట. "ఇంక నమల్లేనమ్మా" అన్నాడు. ఒక క్షణం జాలి లాంటిది వచ్చింది, దాన్ని వచ్చిన దారినే పంపించాను.

"నమలొద్దులే. నోటికి ఇంకో పని చెప్తా. మైకులో విన్నారు గదా, ఆయనను ఏమని పిలిచినారో? ఆ పేరు ఈ అరుగు మీద తీసేసినారు. బస్సులో తీయలేదు. రేపు ప్రొద్దుటూరు బస్టాండుకు నేనొస్తా. బస్సులో అందరి ముందర కండక్టరుకు చెప్పాల, అది సున్నం మర కాదని."

"చెప్తా" అన్నాడు. బతికిపోయానన్నట్టు, వెంటనే.

మరునాడు ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఆయన ఒళ్లో గోధుమల సంచి. బస్సు నిండా జనం. కండక్టరు మీసాలు సరిగ్గా మొలవని కుర్రాడు. ఈ పెద్దమనిషి ఒకప్పుడు వీధిలో నడిస్తే తలుపులు మూసుకునేవాళ్లని వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

"యాడికి పెద్దాయనా?"

"జమ్మలమడుగు మొగదల. పిండి మర కాడ."

"సున్నం మరనా?"

"సున్నం మర కాదప్పా." పళ్లు లేని నోట్లో మాట జారింది. సీటు పట్టుకుని లేచి నిలబడి మళ్లీ అన్నాడు. "ఆ మరలో సున్నం లేదు. ఆ పేరు పెట్టింది నేనే. అబద్ధం చెప్పినా. అందరూ వినండి, సున్నం లేదు!"

వెనక ఎవరో నవ్వారు. కిటికీ పక్కనున్న ఆమె, "పాపం, పెద్దాయనకు ఎండదెబ్బ తగిలినట్టుంది, నీళ్లియ్యండప్పా" అంది. ఎవరో నీళ్ల సీసా అందించారు. ఆయన దాన్ని తీసుకోకుండా నా వైపు తిరిగాడు. చెప్పాను గదా అన్నట్టు కాదు, ఏం చేయమంటావు అన్నట్టు. ఒకనాడు ఒక్క అరుపుతో ఊరందరి నోట్లో పెట్టిన మాట అది. ఈ రోజు ఎంత అరిచినా ఒక్క నోట్లోంచీ తీయలేకపోతున్నాడు. అతణ్ణి అలా చూడాలనే ఎన్నేళ్లో ఎదురుచూశాను. చూశాను. నాకు నవ్వు రాలేదు.

కండక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కూర్చోబెట్టాడు.

"సరేలే పెద్దాయనా, నువ్వు కూర్చో. సున్నం మర వస్తానే నేనే చెప్తాలే."

ఆయన కూర్చున్నాడు. బస్సు కదిలింది. ఊరి మొగదల మలుపు తిరగగానే కుర్రాడు విజిలు ఊది, మాట తప్పకుండా, మా ఇద్దరి వైపూ చూసి కేక పెట్టాడు. మేమిద్దరం లేచి ముందుకు వెళ్లాం.